సంతకం దగ్గర ఆగిపోయిన చదువు

(కర్నూలులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వయోజన విద్య, జాతీయ విధానం అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మీలో సగం మందికి ఆవలింత వచ్చి ఉంటుంది. తప్పు మీది కాదు. వయోజన విద్య అంటే సెప్టెంబర్ 8న ఒక ఊరేగింపు, ఒక బ్యానరు, అధికారుల ఉపన్యాసాలు, నలుగురికి పలకలు పంచి ఫోటో దిగడం అని మనందరికీ అలవాటైపోయింది. అందుకని విధానంతో కాకుండా ఒక కాగితంతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం వలసల మీద పనిచేస్తూ కోసిగి వైపు ఒక పల్లెలో ఇంటింటికీ తిరుగుతున్నాను. ఒక ఇంట్లో నలభై ఏళ్లకు దగ్గరగా ఉన్న ఒకామె నా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, చివర్న ట్రంకుపెట్టె తెరిచింది. ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. "మేడమ్, ఇది ఏం కాయితమో రోంత సదివి సెప్పు. ఇల్లు గిల్లు ఇస్తారేమో అని దాసిపెట్టినా" అంది.

అది ఆమె అక్షరాస్యురాలైందని ధ్రువీకరించే పత్రం.

నేను చదివి చెప్పాను. ఆమె పెద్దగా నవ్వింది. "ఆ పొద్దు బడికాడికి రమ్మంటే అందరమూ పోయినాం. పేరు రాయమన్నారు, రాసినాం" అంది. ఇప్పుడు రాస్తావా అక్కా అని పెన్ను ఇచ్చాను. రెండు అక్షరాలు రాసి ఆగిపోయింది. మూడోది జ్ఞాపకం రాలేదు. నా సర్వే ఫారంలో అక్షరాస్యత అనే గడి ఒకటి ఉంది. అందులో నేనేం రాయాలి? కాగితం ప్రకారం ఆమె అక్షరాస్యురాలు. ఆ కాగితాన్ని ఆమె చదవలేదు. సర్కారు లెక్కకూ ఆమె బతుకుకూ మధ్య ఉన్న ఈ దూరం గురించే నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

ముందు లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత కర్నూలు జిల్లాలో ఏడేళ్లు దాటిన ప్రతి వందమందిలో 60 మంది అక్షరాస్యులు. మగవాళ్లలో 70 మంది, ఆడవాళ్లలో 50 మందికి కాస్త తక్కువ. పాత కడప జిల్లా కొంత మెరుగు. మొత్తం మీద 67, మగవాళ్లు 78, ఆడవాళ్లు 57. అదే ఏడు దేశం మొత్తంలో స్త్రీల అక్షరాస్యత 65 శాతానికి దగ్గరగా ఉంది. అంటే కడప దేశం కంటే వెనక, కర్నూలు ఇంకా వెనక. ఆ తర్వాత 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగనే లేదు, 2027కు వాయిదా పడ్డాయి. మధ్యలో 2017–18లో జాతీయ నమూనా సర్వే ఒకటి జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 66.4 శాతం. పెద్ద రాష్ట్రాలన్నిటిలోనూ మనదే ఆఖరి స్థానం, బీహార్ కూడా మనకంటే పైన ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను అమెరికాకు పంపుతున్నామని చెప్పుకునే రాష్ట్రం సంగతి ఇది.

ఇవి ఏడేళ్ల పిల్లలను కూడా కలుపుకున్న లెక్కలని గుర్తు పెట్టుకోవాలి. ఈ రోజు బడికి పోతున్న ఆడపిల్లలను పక్కన పెట్టి, ముప్ఫై అయిదు దాటిన స్త్రీలను మాత్రమే చూస్తే పరిస్థితి ఇంతకంటే చాలా అన్యాయంగా ఉంటుంది. జిల్లా సగటు కూడా చాలా సంగతులను దాచిపెడుతుంది. కోసిగి, కౌతాళం, హొళగుంద, హాలహర్వి లాంటి పశ్చిమ మండలాలు ఒక పక్క, కర్నూలు పట్టణం మరో పక్క. ఊళ్లోనూ పెద్దకులాల వీధి వేరు, మాదిగ వాడ, బోయ వీధి వేరు.

మరి చదువు రాని ఈ స్త్రీలు ఎవరు? వాళ్లను 'నిరక్షరాస్యులు' అని ఒక ముద్ద చేసి మాట్లాడతాం. అదేదో పుట్టుకతో వచ్చిన లోపమన్నట్టు. నేను 1990లలో నంద్యాల దగ్గర పెరిగాను. ఆ రోజుల్లో నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో సీడుపత్తి సాగు ఉధృతంగా ఉండేది. సంకర విత్తనం తయారు కావాలంటే ప్రతి మొగ్గనూ చేత్తో విప్పాలి, మర్నాడు పొద్దున ప్రతి పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించాలి. దాన్నే మనవాళ్లు క్రాసింగ్ పని అంటారు. ఆ పనికి ఆడపిల్లలనే పెట్టుకునేవాళ్లు. వేళ్లు చిన్నవి, కూలి తక్కువ, మాట వింటారు అనేవి వాళ్లు చెప్పే కారణాలు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి, సీజనంతా పిల్లను కట్టేసుకునేవాళ్లు. దావులూరి వెంకటేశ్వర్లు గారి అధ్యయనాలు ఈ సంగతిని దేశం ముందు పెట్టాయి. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు ఆ చేలల్లో ఉండేవాళ్లు. నేను పదో తరగతి చదువుతున్నప్పుడు మా బడి పక్క రోడ్డు మీద ట్రాక్టర్లలో పోయేవాళ్లు. నాకంటే అయిదారేళ్లు చిన్నవాళ్లు. ఇప్పుడు వాళ్లకు నలభై ఏళ్లు. వయోజన విద్యా పథకాలు ఈ రోజు వెతుక్కుంటున్న 'అభ్యాసకులు' ఆ పిల్లలే.

అందుకే వయోజన విద్యను మనం దానంగా చూడకూడదు, పాత బాకీగా చూడాలి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 45వ అధికరణం పదేళ్లలోగా పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని చెప్పింది. అంటే 1960 నాటికి. ఆ గడువు దాటిపోయింది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో విద్య ప్రాథమిక హక్కేనని, అయితే పద్నాలుగేళ్ల వరకేనని, ఆ పైన ప్రభుత్వ ఆర్థిక శక్తిని బట్టి ఉంటుందని తీర్పు చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో విద్యా హక్కు చట్టం వచ్చాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు హక్కు దక్కింది. మంచిదే. కానీ సీడుపత్తి చేలల్లో పెరిగిన ఆ తరం సంగతేమిటి? పిల్లలుగా ఉన్నప్పుడు చట్టం లేదు. చట్టం వచ్చేసరికి వాళ్లు పిల్లలు కారు. వాళ్లు కోర్టుకు పోయి అడగడానికి ఈనాటికీ ఏ హక్కూ లేదు. వాళ్లకున్నవి పథకాలు మాత్రమే. పథకం ఈ ఏడు ఉంటుంది, వచ్చే ఏడు ఉండదు.

ఆ పథకాల చరిత్ర క్లుప్తంగా చెప్తాను. 1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. అక్షరం, వృత్తికి పనికొచ్చే జ్ఞానం, తన స్థితి గురించిన చైతన్యం, ఈ మూడూ కలిసి ఉండాలని అది చెప్పింది. పావ్లో ఫ్రెయిరీ ఆలోచనల ప్రభావం దాని మీద ఉంది. 1988 మే నెలలో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు లక్ష్యం. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించబడ్డాక, ఆ నమూనా జిల్లా జిల్లాకూ పాకింది. మూడు వాచకాలు, సుమారు 200 గంటల బోధన. నిమిషానికి 30 మాటలు పైకి చదవగలగాలి, 7 మాటలు చూసి రాయగలగాలి.

ఆ ఉద్యమం మా వీధికి వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. మా ఇంటి అరుగు మీద లాంతరు పెట్టుకుని ఎనిమిది మంది ఆడవాళ్లకు నేనే టీచర్ని. వాళ్లలో మా పెద్దమ్మ ఒకరు. పగలు నన్ను "ఏమే" అని పిలిచేది, రాత్రి అరుగు మీద "ఏం మేడమ్" అని ఆటపట్టించేది. మూడు వాచకాలూ పూర్తి చేశాం. ఆ తర్వాత ఎవరూ రాలేదు. నిరంతర విద్యా కేంద్రం అన్నారు. అక్కడికి వచ్చిన పేపరును రచ్చకట్ట మీద మగవాళ్లు చదువుకున్నారు. మా పెద్దమ్మ మాత్రం బొరుగులు కట్టిన కాగితాలు విప్పి చదివేది. తర్వాత నేను హాస్టలుకు పోయి ఉత్తరాలు రాసేదాన్ని. అవి మా అమ్మకు చదివి వినిపించేది పెద్దమ్మే. ఆమెకు చదువు నిలిచింది. మిగతా ఏడుగురిలో ఆరుగురు అయిదేళ్లలో మర్చిపోయారు. వాళ్ల తెలివి తక్కువై కాదు. వాళ్లకు ఎవరూ ఉత్తరం రాయలేదు. చదవడానికి ఏమీ లేని చోట చదువు నిలవదని నాకు ఆ అరుగే నేర్పింది. డాక్టరేటుకు పనిచేసినప్పుడు అదే సంగతిని పెద్ద మాటల్లో రాశాను.

అదే కాలంలో నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో మీకు తెలుసు. వాచకంలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు అది మన కథే కదా అన్నారు. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఊరూరా అది ఉద్యమమై రాయలసీమ జిల్లాలకూ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించాల్సి వచ్చింది. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా వినిపించింది. ఇక్కడ మనం ఒకటి గమనించాలి. నెల్లూరు స్త్రీలు నిమిషానికి ఎన్ని మాటలు చదవగలిగారన్నది ఎవరూ అడగలేదు. రాత్రిబడి వాళ్లకు కలిసి కూర్చునే చోటు ఇచ్చింది, మాట్లాడడానికి ఒక కారణం ఇచ్చింది. పాఠం వాళ్ల బతుకులోంచి వచ్చింది. ఆ తర్వాత అంత పదునైన పాఠం ఏ వాచకంలోనూ నా కంటపడలేదు. పరిశుభ్రత, చిన్న కుటుంబం, పొదుపు, ఇవన్నీ ఆడది ఎలా ఉండాలో చెప్పే పాఠాలు. ఆమెకు ఏం రావాలో చెప్పే పాఠాలు కావు.

2009 సెప్టెంబర్ 8న సాక్షర భారత్ మొదలైంది. 2001 లెక్కల్లో వయోజన స్త్రీల అక్షరాస్యత 50 శాతానికి మించని జిల్లాలు దాని లక్ష్యం. కర్నూలు ఆ గీత కిందే ఉంది. దేశం మొత్తం మీద 7 కోట్ల మందిని, అందులో 6 కోట్ల మంది స్త్రీలను అక్షరాస్యులను చెయ్యాలన్నారు. పంచాయతీకి ఒక కేంద్రం, ఇద్దరు ప్రేరక్‌లు. నెలకు 2,000 రూపాయలు గౌరవ వేతనం. 2018 మార్చి 31తో అది ముగిసింది. కేంద్రాలకు తాళాలు పడ్డాయి. ప్రేరక్‌లుగా పనిచేసిన ఆడవాళ్లు ఎనిమిదేళ్లు చేసిన పని ఒక్కరోజులో లేకుండా పోయింది. అదే 2018లో జన శిక్షణ సంస్థాన్‌లను విద్యా శాఖ నుంచి తీసి నైపుణ్యాల శాఖకు ఇచ్చారు. చదువు ఒక గదిలో, కుట్టుమిషను ఒక గదిలో. ఇదేదో ఆఫీసుల సర్దుబాటులా కనిపిస్తుంది గానీ, కుట్టు నేర్చుకున్న ఆమె కొలతలు ఎలా రాసుకోవాలి, బిల్లు ఎలా రాయాలి అన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

2020 జాతీయ విద్యా విధానంలో 21వ అధ్యాయం వయోజన విద్య, జీవితాంత అభ్యసనం గురించి. కాగితం మీద బాగుంది. చదవడం, రాయడం, లెక్కలతో ఆగకుండా, జీవన నైపుణ్యాలు, వృత్తి, పాఠశాల స్థాయి విద్య, నిరంతర విద్య అని అయిదు మెట్లు చెప్పింది. దాన్ని అమలు చెయ్యడానికి 2022–27 కాలానికి నవభారత సాక్షరతా కార్యక్రమం వచ్చింది, ఉల్లాస్ అని పిలుస్తున్నారు. ఏడాదికి కోటి చొప్పున 5 కోట్ల మంది లక్ష్యం. కేటాయింపు 1,037.90 కోట్ల రూపాయలు. భాగించి చూడండి. మనిషికి అయిదేళ్లకూ కలిపి దాదాపు 208 రూపాయలు. ఆ 208 రూపాయలతో అయిదు మెట్లెక్కాలి. ఇదెలా సాధ్యం అంటే, బోధించేవాళ్లు స్వచ్ఛంద సేవకులు కాబట్టి. వాళ్లకు వేతనం లేదు. ఎవరీ స్వచ్ఛంద సేవకులు? మన ఊళ్లలో ఈ పని ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. అంగన్‌వాడీ అక్క, సంఘం లీడరు, ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న కోడలు. ఆడవాళ్ల జీతం లేని చాకిరీకి సేవ అని పేరు పెట్టడం మనకు కొత్త కాదు.

ఇక డబ్బు సంగతి పక్కన పెట్టి, పల్లెలో చదువు ఎందుకు ఆగిపోతుందో చూద్దాం. పశ్చిమ మండలాల్లో వర్షాధారపు పంట చేతికొచ్చాక, ఒక్కోసారి రాకముందే, జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు పత్తికి, మిరపకోతలకు. కొందరు బెంగళూరు, హైదరాబాద్ కట్టడాల పనికి. మొగుడూ పెళ్లాలూ పిల్లలూ మూటాముల్లె సర్దుకుని లారీ ఎక్కుతారు. ముసలివాళ్లు మిగులుతారు. ఉగాది నాటికి తిరిగి వచ్చేవాళ్లు కొందరు, ఆ తర్వాత వచ్చేవాళ్లు కొందరు. సాక్షర భారత్ పరీక్షలు మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. మార్చిలో ఆమె గుంటూరు మిరప చేలో ఉంది. మరి పరీక్ష ఎవరు రాశారు? రాసిన కాగితాలు ఎవరివి? ఈ ప్రశ్న నేను అడిగిన ప్రతిచోటా ముందు నవ్వు వినిపించింది, తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

రెండోది, రోజులో వేళ. రాత్రి ఏడు గంటలకు తరగతి అని పెడతారు. ఆ వేళకు ఆమె పొయ్యి ముందు ఉంటుంది. ఎనిమిదిన్నరకు అంట్లు కడిగి వస్తే కళ్లు మూతలు పడుతుంటాయి. కళ్లంటే గుర్తొచ్చింది. నలభై దాటితే చత్వారం వస్తుంది. నాకూ వచ్చింది, అద్దాలు లేకుండా ఈ కాగితం నేను చదవలేను. సంఘాల్లో "మాకు తలకాయకు ఎక్కదు మేడమ్" అన్నవాళ్ల చేతికి నా అద్దాలు ఇచ్చి చూశాను. కొందరికి ఆ క్షణమే అక్షరం కనిపించింది. తన బుర్ర మంచిది కాదని ఇన్నాళ్లూ అనుకున్న మనిషికి కావలసింది ఒక జత అద్దాలు. అక్షరాస్యతకు ఇన్ని విధానాలు రాశారు, ఊళ్లో పలకలు పంచారు. అద్దాలు పంచినట్టు నేను తిరిగిన ఊళ్లలో ఎక్కడా చూడలేదు.

మూడోది భాష. ఆలూరు, ఆదోని సరిహద్దుల్లో ఇళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లున్నారు. కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, రాయచోటిల్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం స్త్రీలున్నారు. జనాభా లెక్కల ప్రకారం ఏ భాషలో అర్థం చేసుకుంటూ చదివి రాసినా అక్షరాస్యులే. కర్నూలులో ఒక ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఉంది. కానీ నేను చూసిన కేంద్రాల్లో వాచకం తెలుగుదే. ఇంట్లో ఖురాన్ చదవగలిగిన ఒకామె, అక్కడ అ, ఆ దగ్గర అందరికంటే వెనకపడి కూర్చుని ఉండటం చూశాను. ఆమె అక్షరం తెలియనిదని ఎవరు తేల్చారు?

చదువు వస్తే ఏమవుతుంది అని మనలో కొందరు అడుగుతారు. పని దొరుకుతుందా, కూలి పెరుగుతుందా అని. న్యాయమైన ప్రశ్నే. రెండు సంగతులు చెప్తాను.

లక్కిరెడ్డిపల్లె వైపు ఒక పొదుపు సంఘంలో ఒక సభ్యురాలు తన కూతురి దగ్గర అంకెలు, నాలుగు మాటలు నేర్చుకుంది. ఒక రోజు సంఘం పుస్తకాన్ని అందరి ముందు పైకి చదివింది. తాము కట్టిన రెండు కంతులు అందులో జమ కాలేదు. గొడవ అయింది, తర్వాత పుస్తకం సరిచేశారు. ఆ వారం నుంచి ఆ సంఘంలో ఆరుగురు చదువుకు కూర్చున్నారు. వాళ్లు అమ్మ, ఆవు అడగలేదు. జమ, ఖర్చు, వడ్డీ, బాకీ అనే నాలుగు మాటలు ముందు నేర్పమన్నారు. ఫ్రెయిరీ చెప్పింది ఇదే, ఆయన పేరు వాళ్లకు తెలియకపోయినా. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల వల్ల ఆత్మహత్యలు జరిగి ప్రభుత్వం అక్టోబర్‌లో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చినప్పుడు, ఎంతమంది ఆడవాళ్లు తాము ఏ కాగితం మీద వేలు పెట్టారో తెలియకుండా పెట్టారో గుర్తు చేసుకోండి.

రెండోది కువైట్. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి వేలమంది స్త్రీలు ఇంటిపనికి అక్కడికి పోతున్నారు. పదో తరగతి పాసు కాని వాళ్ల పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరమని రాసి ఉంటుంది. అలాంటి స్త్రీ ఇంటిపనికి పోవాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలి, ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే పోవాలి. ఈ నిబంధన రక్షణ కోసమే పెట్టారు. కానీ చదువు రానివాళ్లను ఏజెంటు వేరే వీసా మీద వేరే దారిలో పంపుతాడు. 2015లో కువైట్ ఇంటి పనివాళ్ల కోసం ఒక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒకరోజు సెలవు. తిరిగి వచ్చిన స్త్రీలను నేను కలిసినప్పుడు ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. వాళ్లలో ఒకామె ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చింది. అరబ్బీ ధారాళంగా మాట్లాడుతుంది, అక్కడి అంకెలు చదువుతుంది, మందుల డబ్బాలు గుర్తుపడుతుంది. ఇక్కడ మన లెక్కలో ఆమె నిరక్షరాస్యురాలు. "మాట వచ్చిందమ్మా, కాయితం రాలేదు" అంది నాతో. ఆమె సంతకం చేసిన ఒప్పందం ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. అందులో ఏముందో ఆమెకు తెలియదు.

వేలిముద్ర గురించి కూడా ఒక మాట. వేలిముద్ర వెయ్యడం సిగ్గు, సంతకం గౌరవం అని మనమే పాటలు పాడి, వీధి నాటకాలు వేసి చెప్పాం. ఈ రోజు రేషన్ షాపులో, బ్యాంకు మిత్ర దగ్గర, సంతకం వచ్చినామె కూడా మళ్లీ వేలు పెట్టాల్సిందే. నాట్లు, కలుపు, రాయి మోసి మోసి గీతలు అరిగిన వేలిని మిషను గుర్తుపట్టదు. తెర మీద ఏముందో, ఎంత డబ్బు తీశారో ఆమెకు కనిపించదు. పాత నిరక్షరాస్యత తీరకముందే కొత్తది వచ్చి మీద పడింది. కాబట్టి ఇప్పుడు చదువు అంటే సెల్‌ఫోన్‌కు వచ్చిన మెసేజ్ చదవగలగడం, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని తెలియడం కూడా.

ఇంతవరకూ సర్కారును అన్నాను. మనల్ని మనం కూడా అనుకోవాలి. 1990ల మధ్య నుంచి పొదుపు సంఘాలు వచ్చాక మనలో చాలామందిమి చదువును వదిలేశాం. ఓర్వకల్లులో సంఘాల ఆడవాళ్లు తమ పిల్లల కోసం బాలభారతి బడి పెట్టుకున్నారు. తమకు దక్కనిది పిల్లలకు దక్కాలనుకున్నారు. అది గొప్ప సంగతే. కానీ ఆ తల్లుల చదువును మనం అడిగామా? సంఘానికి ఒక లీడరుకు చదువు వస్తే చాలు, పుస్తకాలు రాయడానికి ఒక అమ్మాయికి జీతమిస్తే చాలు అనుకున్నాం. తీర్మానం రాసి వేళ్లు పెట్టించాం. రికవరీ వందశాతం ఉందని సంబరపడ్డాం. నేను కూడా అలాంటి రిపోర్టులు రాశాను. సంఘంలో చదువు వచ్చినవాళ్ల చేతిలో అధికారం ఎలా పోగుపడుతుందో చూసి కూడా అడుగున ఒక వాక్యంలో సరిపెట్టాను.

మరి ఏం అడుగుదాం? నాకు తోచినవి చెప్తాను, మీరు చర్చించండి.

ఒకటి, చదువు క్యాలెండరు సుగ్గి క్యాలెండరుతో కలవాలి. ఆమె ఊళ్లో ఉన్న నెలల్లో ఊళ్లో, గుంటూరు పోయినప్పుడు అక్కడి గుడిసెల దగ్గర తరగతి నడవాలి. పరీక్ష ఆమె ఇంటి దగ్గర ఉన్నప్పుడే పెట్టాలి.

రెండు, చదువుకునే గంటలకు కూలి లెక్క కట్టాలి. ప్రభుత్వ పనుల్లో రోజుకు ఒక గంట చదువుకు ఇవ్వాలి. ఉద్యోగులను శిక్షణకు పంపితే జీతం ఆపరు కదా.

మూడు, నేర్పేవాళ్లకు వేతనం ఇవ్వాలి. స్వచ్ఛందం అంటే ఒప్పుకోకూడదు. ఊళ్లో చదువుకున్న దళిత, బోయ, ముస్లిం యువతులను తీసుకోవాలి.

నాలుగు, ఉర్దూలో, కన్నడంలో వాచకాలు, చత్వారం అద్దాలు, పిల్లల్ని చూసుకునే ఒక మనిషి. ఇవి లేకుండా కేంద్రం తెరిచామని చెప్పకూడదు.

అయిదు, సంతకం దగ్గర ఆగకూడదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ సారథ్యంలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లోనే పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. 1982లో మన రాష్ట్రంలోనే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, బడి మెట్టు ఎక్కనివాళ్లకు కూడా అర్హత పరీక్షతో డిగ్రీకి దారి ఇచ్చింది. 1991లో ఓపెన్ స్కూల్ వచ్చింది. ముక్కలు ముక్కలుగా ఉన్న ఈ దారులను కలిపి, రాత్రిబడి నుంచి పదో తరగతి వరకు ఫీజు లేని ఒకే బాటగా వెయ్యమని అడగాలి. కువైట్ పోయే స్త్రీకి ఆ పదో తరగతి విలువ ఎంతో చూశాం.

ఆరు, ధ్రువపత్రం ఇచ్చిన రెండేళ్లకు మళ్లీ వెళ్లి ఆమెను కలవాలి. చదువు నిలిచిందా, ఏం చదువుతోంది అని అడగాలి. ఆ లెక్కనే అక్షరాస్యత లెక్కగా ప్రకటించాలి.

ఇవి పెద్ద కోరికలని అంటారు. కుమ్మరి మొల్ల మా గోపవరం ఆడపడుచేనని కడప వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కడపలో బ్రౌన్ దొర పేరు మీద గ్రంథాలయం ఉంది, దేశదేశాల నుంచి వచ్చి చూస్తారు. ఆ గ్రంథాలయానికి బస్సులో అరగంట దూరాన ఉన్న పల్లెలో ఆడవాళ్లు బస్సు బోర్డు చదవలేక కండక్టరును అడుగుతున్నారంటే, అది వాళ్ల సిగ్గు కాదు.

కోసిగి వైపు ఆ ఇంటికి నేను ఆ తర్వాత ఒకసారి వెళ్లాను. ఆమె సుగ్గికి పోయింది. ఇంటికి తాళం ఉంది. పక్కింటి అవ్వను అడిగితే మిరప అయిపోయినాక వస్తుందంది. ఆ కాగితం ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉండి ఉంటుంది. ఈ సభ నుంచి వెళ్లాక మీ మీ ఊళ్లలో అలాంటి కాగితాలు ఎన్ని ఉన్నాయో అడగండి. ఉన్నవాళ్లతో వాటిని చదివించండి. ఎంతమంది చదవగలిగారో రాసుకోండి. మనం ప్రభుత్వం ముందు పెట్టాల్సిన మొదటి లెక్క అదే.